ఎండితే చావదు, లేస్తుంది

"ఎండకు అన్నీ చస్తాయి." ఇందూరులో, అంటే నిజామాబాద్‌లో, ఈ మాట అనని మనిషి ఉండడు. మోరీ తీసి రోడ్డు పక్కన పోసిన నల్లటి మన్నును చూసి ముక్కు మూసుకున్నవాడే, మూడు రోజులకు అది ఎండి తెల్లబడితే దాని పక్కనే బండి ఆపి చాయ్ తాగుతాడు. కంపు పోయింది, తడి పోయింది, కాబట్టి రోగం కూడా పోయిందని లెక్క. మున్సిపాలిటీ లెక్కా అదే. పచ్చి మన్ను ఎత్తితే ట్రాక్టరు దారంతా కారుతుంది, ఎండనిచ్చి ఎత్తుదాం అంటుంది. మార్కెట్ యార్డులో దడువాయి, రైస్‌మిల్లులో గుమాస్తా, కొనుగోలు కేంద్రంలో నిర్వాహకుడు తలా ఒక తీరుగా చెప్పేదీ ఇదే. చదువుకున్నవాళ్లు ఇంకో ముక్క కలుపుతారు: మట్టిలో మెలిగితేనే ఇమ్యూనిటీ పెరుగుతుంది, మన తాతలు మాస్కులు పెట్టుకున్నారా అని.

ఈ మాట తప్పు. చిన్నాచితకా తప్పు కాదు, తలకిందులు తప్పు. నేల మీది క్రిమి మన ఊపిరితిత్తుల్లోకి ఎక్కువగా వచ్చేది తడి దారిన కాదు, పొడి దారిన. తడిగా ఉన్నంతసేపు అది నేలను అంటుకుని ఉంటుంది. ఎండాకే దానికి లేచే బలం వస్తుంది. మనం భయపడాల్సిన వేళ ధీమాగా ఉంటున్నాం.

ముందు ఎండ సంగతి. ఈ నమ్మకం పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. క్షయ బాసిల్లస్ నేరుగా పడే ఎండలో ఎక్కువసేపు బతకదని రాబర్ట్ కాఖ్ 1890లోనే చెప్పాడు. జలుబు వైరస్‌లు, చాలా రకాల బ్యాక్టీరియా ఎండలోని అతినీలలోహిత కిరణాలకు చస్తాయి. పడకలు, దుప్పట్లు ఎండలో వేయడం మంచి అలవాటే. అయితే ఆ కిరణాలు పైపొరను తాకుతాయే తప్ప కుప్ప లోపలికి దిగవు. జానెడు కింద ఉన్నదానికి ఆ ఎండ తగిలేది వట్టి వేడిగానే. పైగా క్రిములన్నీ ఒక జాతి కావు. కొన్ని కష్టకాలం వచ్చిందనగానే గట్టి కవచం కట్టుకుని స్పోర్లుగా మారి ఏళ్ల తరబడి నిద్రపోతాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, బ్రిటిష్ ప్రభుత్వం స్కాట్లండ్ దగ్గరి గ్రూయినార్డ్ దీవిలో ఆంత్రాక్స్ స్పోర్లతో ప్రయోగాలు చేసింది. ఆ నేలను శుద్ధి చేసి, ఇక భయం లేదని ప్రకటించేసరికి 1990 వచ్చింది. అక్కడ ఎండ తక్కువంటారా? మన దగ్గరి ఉదాహరణే చూద్దాం.

2021 మే నెల. కొవిడ్ రెండో అల. నెత్తి మాడే ఎండలు. అదే నెల 20న తెలంగాణ ప్రభుత్వం బ్లాక్ ఫంగస్‌ను తప్పనిసరిగా తెలియజేయాల్సిన వ్యాధిగా ప్రకటించింది. హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి నిండిపోయింది. ఆ ఫంగస్ ఎక్కడిదో కొత్తగా దిగింది కాదు. మట్టిలో, కుళ్లిన ఆకుల్లో, పెంటకుప్పల్లో ఎప్పుడూ ఉండేదే. దాని స్పోర్లు దుమ్ముతో కలిసి ముక్కులోకి వెళ్తాయి. ఆరోగ్యవంతుడి ఒంట్లో చచ్చిపోతాయి. షుగర్ అదుపు తప్పి, స్టెరాయిడ్లు పడి, ఒళ్లు గుల్లయినవాడి సైనస్‌లలో మొలకెత్తుతాయి. మాస్కుల వల్ల వచ్చిందనీ, ఆక్సిజన్ సిలిండర్ల వల్ల వచ్చిందనీ నాడు ఎన్నో మాటలు నడిచాయి. వాటి సంగతి ఎలా ఉన్నా, ఏడాదిలో అతి తీక్షణమైన ఎండ కాసే నెలలోనే నేలలోని బూజు ఇంతమంది ముక్కుల్లోకి చేరింది. ఎండకు అన్నీ చస్తే ఇది ఎలా జరిగింది?

ఇక్కడితో ఆగితే "కొన్ని చావవులే" అని సర్దుకోవచ్చు. మన జిల్లాలోని బోధన్ సంగతి దానికీ వీలివ్వదు. కొన్ని క్రిములు వేడికి చావకపోవడమే కాదు, వేడికే పెరుగుతాయి. ఈ పాఠం చెరుకు పిప్పి దగ్గర నేర్చుకోవాలి.

బోధన్‌ను, దాని పక్కన శక్కర్‌నగర్‌ను కట్టింది చెరుకే. మంజీరా మీద నిజాంసాగర్ 1931 నాటికి పూర్తయింది. దాని నీళ్లతో చెరుకు పారింది. 1930ల చివర్లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ గానుగ మొదలైంది. ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకుంది. 2002లో ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి మూతపడింది. దాంతోపాటు మెదక్ జిల్లా మంబోజిపల్లి, మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట యూనిట్లు కూడా మూతపడ్డాయి. మళ్లీ తెరవాలన్న డిమాండుపై ప్రభుత్వం 2024లో కమిటీ వేసింది. మిల్లు తెరుచుకోవాలి. ఆ ప్రాంతపు రైతు, కార్మికుడు, దుకాణదారు అందరూ దానికోసమే చూస్తున్నారు. మిల్లు తెరుచుకుంటే పిప్పి కూడా వస్తుంది.

నూరు టన్నుల చెరుకు ఆడితే సుమారు ముప్పై టన్నుల పిప్పి వస్తుంది. రోజుకు 3,000 టన్నులు ఆడే ఏ మిల్లులోనైనా రోజుకు 900 టన్నులన్నమాట. అందులో ఎక్కువ భాగం అక్కడికక్కడే బాయిలర్‌లో మండుతుంది. మిగిలింది గుట్టగా పడి ఉంటుంది. కొంత కాగితం మిల్లులకు పోతుంది, కొంత వచ్చే సీజన్ బాయిలర్ వెలిగించడానికి నిలవ ఉంటుంది. రోలర్ల కిందనుంచి అప్పుడే వచ్చిన పిప్పి లేత రంగులో, చేతికి చెమ్మగా, తియ్యటి వాసనతో ఉంటుంది. దాని బరువులో దాదాపు సగం నీళ్లే. ఎంత పిండినా కొద్దిగా చక్కెర మిగిలే ఉంటుంది. నీళ్లు, చక్కెర, నార ఒకచోట కుప్పపడితే క్రిములకు పండగే. గుట్ట లోపల పులియడం మొదలై వేడెక్కుతుంది. 50, 60 డిగ్రీలకు చేరుతుంది. మామూలు క్రిములు ఆ వేడికి చస్తాయి నిజమే. అవి ఖాళీ చేసిన చోట వేడిని కోరుకునే ఆక్టినోమైసిటిస్ అనే జాతి విజృంభిస్తుంది. నెలలు గడిచి గుట్ట ఎండాక, కట్ట తాడు కోసి విప్పితే పొగలాంటిది లేస్తుంది. అదంతా ఆ స్పోర్లు, నార పొడి. ఒక్కో స్పోరు ఒక మైక్రాన్ పాటిది, అంటే తల వెంట్రుక మందంలో డెబ్బయ్యో వంతు.

ఇది ఊపిరితిత్తుల లోపలి గదులదాకా వెళ్తుంది. పొద్దున కట్టలు విప్పిన మనిషికి నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత చలి, జ్వరం, పొడి దగ్గు, ఆయాసం మొదలవుతాయి. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. మళ్లీ పనికి పోతే మళ్లీ వస్తుంది. చలిజ్వరం చూసిన ఆర్‌ఎంపీ మలేరియా మాత్ర ఇస్తాడు. ఎక్స్‌రేలో మచ్చలు కనిపిస్తే టీబీ మందులు మొదలుపెట్టే డాక్టరూ ఉంటాడు. ఏ మందుకూ లొంగని ఆ జ్వరం సెలవు పెడితే మాత్రం తగ్గుతుంది. ఏళ్ల తరబడి ఇలా సాగితే ఊపిరితిత్తులు మచ్చలు కట్టి గట్టిపడతాయి. అప్పుడు సెలవు కూడా పనిచేయదు. ఈ జబ్బు పేరు బగాసోసిస్. అమెరికాలోని లూసియానా చెరుకు సీమ నుంచి 1941లో దీన్ని వైద్యులు నమోదు చేశారు. 1950ల నుంచి మన దేశపు వైద్య పత్రికల్లోనూ కనిపిస్తోంది. దీనికి కారణమైన క్రిమిని 1971లో జాన్ లేసీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త విడిగా గుర్తించి, చెరుకు పేరే పెట్టాడు.

ఇప్పుడు "మనకు అలవాటే, ఒళ్లు తట్టుకుంటుంది" అనే వాదన సంగతి. బగాసోసిస్ ముందు ఈ వాదన నిలవదు. ఇది క్రిమి ఒంట్లో పెరిగి తెచ్చే జబ్బు కాదు. ఆ స్పోర్లను పదే పదే పీల్చగా పీల్చగా మన ఒంటి రక్షణ వ్యవస్థే వాటి మీద విరుచుకుపడి, ఆ పోరులో ఊపిరితిత్తులను గాయపరుస్తుంది. కొత్తగా వచ్చినవాడికి మొదటిరోజే రాకపోవచ్చు. పాతకాపుకే వస్తుంది. అలవాటు ఇక్కడ మందు కాదు, జబ్బుకు అసలు కారణం.

చదువుకున్నవాళ్లు చెప్పే ఇమ్యూనిటీ వాదనకూ ఒక ఆధారం ఉంది. యూరప్‌లో ఆల్ప్స్ పర్వతాల దిగువన పశువుల కొట్టాల మధ్య పెరిగిన పిల్లలకు ఆస్తమా, అలర్జీలు తక్కువని పరిశోధనలు తేల్చాయి. అది నిజమే. అయితే అవి చెప్పింది పసితనపు అలర్జీల గురించి. బూజు పట్టిన గడ్డి మోపు విప్పే పెద్దవాడి ఊపిరితిత్తుల గురించి కాదు. అదే ఆల్ప్స్ దిగువన, అవే కొట్టాల్లో, 'రైతు ఊపిరితిత్తుల జబ్బు' అని పేరున్న రోగం పెద్దవాళ్లకు వస్తుంది. బగాసోసిస్‌కు అది తోబుట్టువు. బూజు గడ్డి కదిలించిన కొట్టంలో ఘనపు మీటరు గాలికి వంద కోట్ల దాకా స్పోర్లు లెక్కతేలాయి. పిల్లల మీది పరిశోధనను తెచ్చి హమాలీ మీద కప్పడం శాస్త్రం కాదు, సాకు.

చెరుకు ఒక్కటే కాదు. ఈ జిల్లా ఇప్పుడు వడ్ల జిల్లా. తేమ 17 శాతానికి దిగాలని రోడ్ల మీద, కల్లాల్లో ఆరబోస్తారు. అకాల వానకు తడిసి బూజు పట్టిన కుప్పను మళ్లీ ఆరబోసి, తాలు పోవడానికి ఫ్యాన్ ముందు పడతారు. గాలికి ఎదురుగా నిలబడి చేట ఎత్తే ఆడమనిషి ముఖానికి చీర కొంగే రక్ష. పసుపు యార్డులో ఇంకో వింత ధీమా: పసుపే క్రిమిసంహారిణి, దాని దుమ్ము మంచిదేనట. సరిగ్గా ఆరని కొమ్ముల మీద ఆస్పర్‌జిల్లస్ బూజు పెరుగుతుందని పసుపు వ్యాపారులకే బాగా తెలుసు. ధర కోసేటప్పుడు ఆ బూజు కనిపిస్తుంది. బస్తా దులిపే హమాలీ ముక్కు దగ్గరికి వచ్చేసరికి అది మందుగా మారిపోతుందా?

ఇక బజారు సంగతి. నిజామాబాద్ గల్లీల్లో వానలకు ముందు మోరీల పూడిక తీస్తారు. అందులో ఏముంటుంది? ఇళ్ల మరుగుదొడ్ల నుంచి వదిలింది, కోళ్ల దుకాణం కడిగింది, చచ్చిన ఎలుక, ఆస్పత్రి వెనక సందులోంచి కొట్టుకొచ్చింది. తీసి అంచున పోస్తారు. ఒకటో రోజు అది నల్లటి ముద్ద. రెండో రోజు పైన పెచ్చు కడుతుంది. మూడో రోజు పెచ్చు బీటలిచ్చి, ఆటో చక్రం ఎక్కితే పొడవుతుంది. నాలుగో రోజుకు కుప్ప సగమే ఉంటుంది. మిగతా సగం ట్రాక్టరులో పోలేదు, బజారులోనే కలిసింది. తెల్లవారుజామున పారిశుధ్య కార్మికురాలు పొడి చీపురుతో దాన్ని లేపుతుంది. అదే సమయానికి పెద్దమనుషులు ఆరోగ్యం కోసం వాకింగ్‌కు బయల్దేరతారు.

దుబ్బ లేచింది, రెండు నిమిషాల్లో అణిగింది అనుకుంటాం. అణిగేది కంటికి కనిపించేదే. పది మైక్రాన్ల రేణువు మనిషి ఎత్తునుంచి కదలని గాలిలో నేలకు దిగడానికి ఎనిమిది నిమిషాల దాకా పడుతుంది. ఒక మైక్రాన్ రేణువుకు పన్నెండు గంటలు. ముక్కు వెంట్రుకలు, గొంతులోని తడి పెద్ద రేణువులను పట్టేస్తాయి. ఐదు మైక్రాన్ల లోపువి దాటిపోతాయి. తుమ్ము తెప్పించే దుమ్ము నయం, మనకు తెలిసి బయటికి పోతుంది. చెడ్డది తెలియకుండా లోపలికి పోయేదే. ముఖానికి రుమాలు కట్టుకున్నా ఆపేది ఆ పెద్ద రేణువులనే.

పొడి గాలి ఎంత దూరం మోయగలదో నెదర్లాండ్స్ చూసింది. 2007 నుంచి 2010 దాకా అక్కడ మేకల ఫారాల చుట్టుపక్కల ఊళ్లలో నాలుగు వేల మందికి పైగా క్యూ ఫీవర్ వచ్చింది. మేకలు ఈనినప్పుడు, ఈసుకుపోయినప్పుడు కొట్టంలో కలిసిన క్రిమి ఎండి, గాలికి లేచి, కిలోమీటర్ల అవతల మేక ముఖం చూడని మనుషులను పడేసింది. మన రైతులు ఎరువు కోసం పొలంలో గొర్రెల మంద పెట్టిస్తారు. మంచి పద్ధతి, దాన్ని మానమని ఎవరూ అనడం లేదు. కానీ మంద లేచిపోయిన నేలను పొడిగా దున్నడం వేరు, తడిపి దున్నడం వేరు.

"బ్లీచింగ్ పౌడర్ చల్లుతున్నాంగా" అనేది అధికారుల జవాబు. మంత్రి వచ్చే దారిలో మోరీల వెంట తెల్లటి గీతలు గీస్తే శుభ్రత వచ్చేసినట్టే. క్లోరిన్ మట్టిని, మలినాన్ని తాకగానే దాని బలం అక్కడే ఖర్చయిపోతుంది, క్రిమిదాకా మిగలదు. వీధుల్లో మందు పిచికారీ చేయడం వల్ల ఇందుకే ఉపయోగం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలో చెప్పింది. ఎండిన కుప్ప మీద చల్లిన పొడి మందు ఇంకో రకం దుమ్ము, అంతే.

ఈ వాదనకు ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయను. పందొమ్మిదో శతాబ్దం చివర్లో క్షయ ఎండిన కఫపు దుమ్ము వల్లే వ్యాపిస్తుందని పెద్ద వైద్యులు నమ్మారు. తర్వాత ఆ నమ్మకం సడలింది. దగ్గినప్పుడు మనిషి నోటినుంచి వచ్చే సన్నటి తుంపరలే ప్రధానమని తేలింది. దుమ్ము సిద్ధాంతం ఎప్పుడో ఓడిపోయింది కదా అనవచ్చు. క్షయ విషయంలో ఓడిపోయింది, ఒప్పుకుంటాను. మోరీ మన్ను వల్ల టీబీ వస్తుందని భయపెట్టడం ఎండ చాలని నమ్మడమంత తప్పే. కానీ క్షయ విషయంలో ఓడినంత మాత్రాన బూజులకు, ఆక్టినోమైసిటిస్‌కు, క్యూ ఫీవర్‌కు వర్తించకుండా పోదు. వాటి దారి దుమ్మేనని ఆ తర్వాతి శతాబ్దమే రుజువు చేసింది.

"మరి మన జిల్లాలో కేసులేవి?" ఇదే చివరి కోట. అడగనిదే కేసు దొరకదు. దగ్గుతో వచ్చిన మనిషిని బీడీ తాగుతావా అని అడుగుతారు, పిప్పి విప్పుతావా, బూజు వడ్లు తూర్పార పడతావా, పనికి పోని రోజున తగ్గుతుందా అని అడగరు. అడగని జబ్బు రికార్డుల్లో ఉండదు. రికార్డుల్లో లేనిది లేనట్టే లెక్క. 2025లో గుంటూరు జిల్లా తురకపాలెంలో నెలల వ్యవధిలో వరుసగా మనుషులు పోయాక గానీ మెలియాయిడోసిస్ అనే అనుమానం బయటికి రాలేదు. అది తడి నేలలో ఉండే క్రిమి. కాళ్ల పుండ్ల ద్వారా, గాలివానలప్పుడు ఊపిరి ద్వారా లోపలికి పోతుంది, షుగర్ ఉన్నవాళ్ల మీద ముందు పడుతుంది. మనం చెప్పుకుంటున్న పొడి కథ కాదు అది, నిజమే. వెతకకముందు అక్కడా కేసులు లేవన్నది మాత్రం మనకు పనికొచ్చే పాఠం.

"ఎండకు చస్తాయి" అనే మాట ఇంత గట్టిగా నిలబడటానికి కారణం శాస్త్రం కాదు. అది ఖర్చు తప్పించే మాట. ట్యాంకరు నీళ్లు, టార్పాలిన్, మాస్కు, అదే రోజు వచ్చే ట్రాక్టరు, ఇవన్నీ ఆ ఒక్క వాక్యంతో మిగిలిపోతాయి. ఆ మిగులును ఊపిరితిత్తులతో చెల్లించేది ఆ మాట అన్నవాళ్లు కాదు. చీపురు పట్టినవాళ్లు, బస్తా ఎత్తినవాళ్లు.

చేయాల్సినవి పెద్ద పనులు కావు. మోరీ మన్నును తీసిన రోజే, తడిగానే, కారని తొట్టి ఉన్న బండిలో ఎత్తాలి. నీళ్లు చిలకరించకుండా బజారు ఊడ్వకూడదు. వాకిలి ఊడ్చే ప్రతి ఇల్లాలికీ తెలిసిన పని అది, మున్సిపాలిటీకి చెప్పాల్సి రావడమే విచిత్రం. బూజు పట్టిన పిప్పి, వడ్లు, పసుపు దగ్గర పనిచేసేవాళ్లకు రుమాలు కాదు, ముఖానికి బిగుతుగా పట్టే ఎన్95 మాస్కు యాజమాన్యమే ఇవ్వాలి. నిజామాబాద్‌లో 2013 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. దాని ఓపీ చీటీ మీద "ఏం పని చేస్తారు, దుమ్ము దేనిది?" అనే ఒక్క వరుస ఉంటే చాలు, కేసులేవి అనే ప్రశ్నకు రెండేళ్లలో జవాబు దొరుకుతుంది.

బోధన్ మిల్లు విషయంలో ఇంకొంచెం గట్టిగా అడగాలి. దశాబ్దం మూసి ఉన్న గోదాముల్లో పావురాలు, గబ్బిలాలు, ఎలుకలు చేరకుండా ఉండవు. వాటి రెట్టల్లో పెరిగే బూజులు ఊపిరితిత్తులకు మంచివి కావు. తెరిచే రోజు మొదట లోపలికి పంపేది ఇంజినీర్లను కాదు, ఊడ్చేవాళ్లను. అమెరికాలో 1993లో ఎలుకల రెట్టల దుమ్ము వల్ల హంటా వైరస్ సోకి మనుషులు చనిపోయాక అక్కడి ఆరోగ్య శాఖ చెప్పింది ఒకటే: పొడిగా ఊడ్వకండి, బ్లీచ్ కలిపిన నీళ్లతో నానబెట్టి, ఆగి, తుడిచి ఎత్తండి. ఇక్కడా అలాగే జరగాలి. గానుగ మొదలయ్యాక పిప్పిని వీలైనంత తాజాగా వాడాలి. నిలవ పెట్టాల్సిందైతే లూసియానాలో చేసినట్టు బూజును ఆపే ప్రొపియానిక్ ఆమ్లం చల్లాలి, లేదంటే తడిపి కదిలించాలి. కట్టలు విప్పేవాళ్ల ఊపిరితిత్తులను ఏటా పరీక్షించాలి.

ఇవన్నీ చెరుకు ధర, బకాయిలు, ఉద్యోగాల డిమాండ్ల పక్కనే ఒప్పందంలోకి ఎక్కాలి. మిల్లు తెరిచాక ఏ కార్మికుడైనా ఆయాసంతో ఇంట్లో కూర్చుంటే, పాపం ఎవరికి తెలుసు అని యాజమాన్యం గానీ ప్రభుత్వం గానీ అనడానికి వీల్లేదు. పనివల్ల వచ్చే జబ్బులకు పరిహారం ఇవ్వాలన్న 1923 నాటి చట్టం మూడో షెడ్యూల్లో బగాసోసిస్ పేరు చేరి దశాబ్దాలు గడిచాయి. పిప్పి దుమ్ము మనిషిని ఏం చేస్తుందో ఈ దేశపు చట్టానికి ఎప్పుడో తెలుసు.